స్వెన్ పడక

నూక్, సెప్టెంబరు 28

అన్నయ్య థోర్కిల్‌కు,

గ్రీన్‌లాండ్ చేరాను. ఆసుపత్రిలో నర్సులు తక్కువ, బయట మంచు ఎక్కువ. వేసవి దాకా సెలవు దొరకదు. బయల్దేరే హడావిడిలో నీ ముందుగదిలో ఒక గాజుపెట్టె వదిలి వచ్చాను. ఈపాటికి తిట్టుకుంటూ ఉంటావు. అందులోది నా మొక్కజొన్న పాము, పేరు స్వెన్. విషం లేదు, నోరెత్తదు. వారానికో చచ్చిన ఎలుక చాలు. వాటి డబ్బా నీ ఫ్రీజర్లో హెర్రింగ్ చేపల వెనక ఉంది. గాజుపెట్టె అడుగున పడక మాత్రం మారుస్తూ ఉండాలి. చెక్క పొట్టు వేస్తే సరి. చెక్క సంగతి నీకు నేను చెప్పాలా?

ఇంగెర్ వదిన పోయిన ఈ ఐదేళ్లలో నువ్వు పడవల షెడ్డు తాళం తియ్యలేదని తెలుసు. గుప్పెడు పొట్టు కోసం తియ్యి.

నీ చెల్లెలు,
బోదిల్

తా.క. ఎలుకల డబ్బా మీద పేరు రాసి పెట్టాను. అద్దాలు పెట్టుకుని చదివాకే రొట్టె మీద వేసుకో.

మార్స్టాల్, అక్టోబరు 9

చెల్లెమ్మ బోదిల్‌కు,

షెడ్డు తీశాను. తుప్పు పట్టిన తాళంతో రెండు గంటలు కుస్తీ పట్టాను. నలభై రెండేళ్లు పడవలు చేసినవాణ్ణి, నీ పాముకి ఏదో ఒక పొట్టు వేస్తానా? ఇంగెర్ బట్టల పెట్టె కోసం దాచిన దేవదారు చెక్క తీసి, సన్నగా చిత్రిక పట్టి, జానెడు మందాన పరిచాను. గదంతా ఒకటే ఘుమఘుమ. స్వెన్ మూత సందులో ముక్కు పెట్టి మురిసిపోయింది.

ఇంతలో ఎదురింటి రాన్‌హిల్ ఊడిపడింది. లైబ్రరీలో పనిచేసి రిటైరైన ఆవిడ. మూడేళ్లుగా మా పరిచయం తల ఊపుకోవడం వరకే. తలుపైనా తట్టకుండా వచ్చి, కిటికీలన్నీ తెరిచి, నా దేవదారునంతా బకెట్లోకి ఎత్తేసి, పెట్టె అడుగున పాత వార్తాపత్రిక పరిచింది. అది చిమ్మటల్ని తరిమే చెక్కట. చిమ్మటకీ పాముకీ తేడా తెలియని మనిషి ఇన్నాళ్లూ పుస్తకాలెలా సర్దిందో. చెక్క గురించి ఎవరికి తెలుసో ఆవిడకి నువ్వే ఒక ముక్క రాయి.

నీ అన్న,
థోర్కిల్

తా.క. ఆ బకెట్ నాది. తీసుకుపోయింది.

నూక్, అక్టోబరు 20

అన్నయ్యా,

ఆవిడ చెప్పిందే నిజం. దేవదారు నూనె ఘాటు పాముల ఊపిరితిత్తులకి పడదు. పైన్ కూడా వద్దు. స్వెన్ మురిసిపోలేదు, గాలి కోసం ముక్కు పెట్టింది. ఆస్పెన్ చెక్క అయితే ఘాటు ఉండదు. బాగా ఎండాలి, తడి ఉంటే బూజు పడుతుంది. అందాకా ఆ పత్రికే ఉంచు.

రాన్‌హిల్‌కి క్షమాపణ చెప్పు. నోటితో చెప్పు, తల ఊపి కాదు.

బోదిల్

తా.క. ఇసుక వద్దు, దూది వద్దు, వదిన అల్లిన దుప్పటి అసలే వద్దు. నీ సంగతి నాకు తెలుసు.

మార్స్టాల్, నవంబరు 6

చెల్లెమ్మా,

చెప్పాను. కాఫీ ఇచ్చింది. తన పెరట్లో కిందటేడు గాలివానకి కూలిన ఆస్పెన్ ఉందంది. ఇద్దరం రంపం చెరోవైపు పట్టి కోశాం. నేను చిత్రిక పట్టాను, ఆమె తన పొయ్యి మీద ఆరబెట్టింది. పొట్టులో తడి ఉందేమో చూస్తానంటూ రోజూ వస్తోంది.

ఇంత చేసినా చెయ్యాల్సిన పాపం ముందే చేసేశాను. మంగళవారం స్వెన్ కళ్లు పాలలా తెల్లబడ్డాయి. నా దేవదారే దాన్ని గుడ్డిదాన్ని చేసింది. తిండి ముట్టడం మానేసింది. ఈ ఉదయం మూత తీస్తే పాము లేదు. పల్చటి ఖాళీ చర్మం ఉంది, కళ్లతో సహా. మిగతాదంతా కరిగిపోయినట్టుంది.

ఓక్ చెక్కతో, ఒక్క మేకు లేకుండా, చిన్న శవపేటిక చేశాను. ఆపిల్ చెట్టు కింద పూడ్చాం. రాన్‌హిల్ కీర్తన ఎత్తుకుని, మొదటి చరణం కాకముందే మొహానికి రుమాలు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలిపోయాయి పాపం. ఇంగెర్ పోయినప్పుడు నాకు కన్నీరు రాలేదు. ఇవాళ వచ్చింది. నేనే చంపానని ఆమెతో అన్నాను. ఆమె రుమాలు తీసి కాసేపు నన్నే చూసి, మోచెయ్యి పట్టుకుంది.

"లోపలికి పదండి. ఆ పొట్టు ఒకసారి తిరగేద్దాం."

పెట్టె కడగడానికనుకుంటాను. ముందు ఈ ఉత్తరం ముగించి వస్తానన్నాను. నన్ను క్షమించు.

థోర్కిల్

తా.క. అంటించిన కవరు మళ్లీ చింపాను. పొట్టు అడుగునుంచి స్వెన్ వచ్చింది, కొత్త వార్నిష్ కొట్టినట్టు మెరుస్తూ. రాన్‌హిల్ నేల మీద కూలబడి నవ్వుతోంది. ఇంకా ఆగలేదు.

నూక్, నవంబరు 18

అన్నయ్యా,

అది కుబుసం. విడిచే ముందు కళ్లు అలాగే తెల్లబడతాయి. నువ్వు పూడ్చింది దాని పాత చొక్కాని.

ఇప్పుడు నా పాపం విను. ఆ పాము నాది కాదు, రాన్‌హిల్‌ది. నువ్వు నా సామాను రేవుకి చేరవేస్తున్న అరగంటలో ఆవిడే రోడ్డు దాటించి మీ ఇంట్లో పెట్టింది. నీతో నాలుగు మాటలు మాట్లాడాలంటే తలుపు దగ్గర ఏం చెప్పాలో తోచడం లేదని మూడేళ్లుగా నాతో అంటోంది. సాకు నేను అల్లాను, పాముని ఆవిడ ఇచ్చింది. దేవదారు మాత్రం మేం అనుకోలేదు. కిటికీలోంచి నువ్వు పరచడం చూసి చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తిందట. ఆస్పెన్, పైన్ అంటూ నేను నీకు రాసినదంతా ఆవిడ ఉత్తరాల్లోంచి ఎత్తి రాసిందే. అంత్యక్రియల సంగతీ రాసింది: రుమాలు వెనక మొదట నవ్వేనట, నీ మొహం చూశాక మాత్రం కాదట.

కోపమొస్తే నన్ను తిట్టు. ఆమెతో మాట మానకు.

నీ చెల్లెలు,
బోదిల్

తా.క. స్వెన్ అన్నది నేను అప్పటికప్పుడు అల్లిన పేరు. పగలంతా దాక్కుని, తిండివేళకి తల బయటపెట్టి, పలకరించబోతే మళ్లీ లోపలికి పోతుందని రాన్‌హిల్ దానికి ఎప్పుడో ఒక పేరు పెట్టింది. థోర్కిల్.