వెల్డా చరిత్ర క్లాసు

వెల్డా,

ఇంకెవరి నోటో వినేలోగా నేనే రాస్తున్నాను. వచ్చే ఏడాది నీ చరిత్ర క్లాసులు కొత్త ఫుట్‌బాల్ కోచ్‌కి ఇచ్చేశాను.

ఇక్కడ కోచ్‌గా చేరినవాడు ఏదో ఒక పాఠం కూడా చెప్పాలి కదా, మన బడిలో టీచరు ఖాళీ ఒక్కటీ లేదు. అనుభవమున్న వాళ్ళెవరూ టెక్సాస్‌లో ఈ మూలకి రామన్నారు. వస్తానన్న ఒక్కడూ కాగితం మీద చరిత్ర టీచరు. అతనూ లేకపోతే జట్టే ఉండదు.

"మరి పాఠాలో?" అని ఇంటర్వ్యూలో అతన్ని అడిగాను.

"పిల్లలకంటే ఒక పేజీ ముందుంటే చాలదా మేడమ్?" అన్నాడు. స్కూలు బోర్డువాళ్ళు పగలబడి నవ్వారు. ప్రిన్సిపాల్‌ని, నేనూ నవ్వాననుకుంటా.

నిన్ను లైబ్రరీకి మార్చాను. అక్కడికి పిల్లలెవరూ రారని తెలుసు.

వచ్చే ఏడాది శుక్రవారం మ్యాచ్‌ల్లో మనవాళ్ళు గెలిస్తే, అందరితోపాటు నేనూ లేచి అరవాలి. ఎప్పటిలా నా పక్కన మాత్రం కూర్చోకు.