భీమరాజు తోటలో నీళ్లకు కొదవ లేదు

అల్ ఖూజ్, దుబాయ్
6 మార్చి 2004

కరుణక్కకు, తమ్ముడు భీమరాజు క్యాంపు మంచం మీద కూర్చుని దండం పెట్టి రాసేది.

ఇక్కడ నేను క్షేమం. నరేశ్ బావ ఆనాడు పదిమందిలో "వీడు నాటితే గడ్డి గూడ మొలవది" అన్నాడు కదా. ఆయనకు చెప్పు, ఎడారిలో నాకు తోట ఉంది. పుంటికూర, మెంతికూర, రెండు టమాట చెట్లు. ఊళ్లో ఆయన మోటారు బాగుచేయించుకుంటూనే మూడు పంటలు ఎండబెట్టాడు. నా తోటకు కరెంటు ఉన్నంతసేపూ నీళ్లే. శుక్రవారం సెలవంతా తోటపనికే సరిపోతోంది.

ఇట్లు,
రైతు భీమరాజు

తా.క.: బావకు వినబడేలా చదువు.

ఫుజైరా
10 మార్చి

రైతు తమ్ముడికి అక్క దీవెనలు.

గట్టిగానే చదివాను. మీ బావ రెండోసారి కూడా చదివించుకున్నాడు. 19వ తేదీ శుక్రవారం అందరం నీ తోటకు వనభోజనానికి వస్తున్నాం. బావ కంపెనీ వ్యాను అడిగాడు. పక్కింటి షహజాదీ కూడా వస్తుందట, పచ్చడికి పుంటికూర కావాలని పెద్ద సంచి కుట్టుకుంది. బియ్యం, కోడి మావి. కూరలు, నీడ నీవి. బావి ఎంత లోతని బావ అడుగుతున్నాడు.

నువ్వే ఇంకా మా కొత్త ఇల్లు చూడలేదు. వాకిట్లో కరివేపాకు చెట్టు ఎంత గుబురుగా పెరిగిందో! దాని కింద మంచం వేసుకోవచ్చు.

ఇట్లు,
మీ అక్క

తా.క.: పిల్లలు ఈత బట్టలు సర్దేశారు.

అల్ ఖూజ్
15 మార్చి

అక్కా, ముందు ఆ ఈత బట్టలు తీయించు.

బావి లేదు. తోట ఉంది గానీ, నా మంచమంత. మా రూము గోడ వెనక ఏసీ గొట్టం కింది జాగా అది. గొట్టంలోంచి కారే చుక్కలే నా కాలువ. ఈ చలిలో ఎవరూ ఏసీ వేయరు, నేను వేస్తున్నాను. నా పక్క మంచం రహమతుల్లాది, ఊరు కడప. పాపం, స్వెట్టరు మీద దుప్పటి కప్పుకుని తుమ్ముతున్నాడు. ఆరుగురికి జలుబు పట్టిస్తే గాని నాకు ఒక కట్ట పుంటికూర రాదు. పైగా మగవాళ్ల క్యాంపు, ఆడవాళ్లను గేటు దాటనివ్వరు.

బావ నవ్వితే నవ్వనీ. నా తోట ముందు నిలబడి నవ్వితే మాత్రం తట్టుకోలేను. ఫోన్ చేద్దామంటే బావ ఎత్తుతాడని భయం. ఈ ఉత్తరం సమయానికి అందుతుందో లేదో. శుక్రవారం పొద్దున నేనే వస్తున్నాను, గడప దాటకండి.

ఇట్లు,
మాజీ రైతు

తా.క.: ఇది మెల్లగా చదువు.

ఫుజైరా
20 మార్చి

మాజీ రైతుకు అక్క దీవెనలు, ఈసారి కాస్త తక్కువగా.

నీ ఉత్తరం ఇవాళ అందింది. మేమేమో నిన్న తెల్లారగానే వ్యానెక్కి నీ గేటు ముందు దిగాం. నువ్వు లేవు. మఫ్లరు చుట్టుకున్న మనిషి ఒకాయన వచ్చి, "అక్కా, మీ తమ్ముడు కూరాకు కోసం మమ్మల్ని సలికి సంపుతాండాడు, రవ్వంత చెప్పండి" అని మొరపెట్టుకున్నాడు. గేటు బయట గోడ నీడలో చాప పరిచాం. బావ పిల్లలను తీసుకుని లోపలికెళ్లి నీ తోట చూసి వచ్చాడు. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "ఏసీ నీళ్లల్ల ఉప్పుండది. కూర మంచిగ వస్తది" అన్నాడు. ఆయనకెలా తెలుసో నన్నడగకు.

మీ రూమువాళ్లంతా మాతోనే తిన్నారు. ఉన్న ఆకంతా కోసేశారు, నీ తోట ఖలాస్. షహజాదీ సంచి మాత్రం ఖాళీగానే తిరిగొచ్చింది. సొంత అక్క దగ్గర ఇన్ని కోతలా? సిగ్గుగా లేదురా?

ఇట్లు,
మీ అక్క

తా.క.: ఈత బట్టలు వృథా కాలేదు. పిల్లలు వంతులేసుకుని గొట్టం కింద నిలబడ్డారు.

అల్ ఖూజ్
24 మార్చి

కరుణక్కకు, సిగ్గుపడుతూ తమ్ముడు రాసేది.

శుక్రవారం సాయంత్రం దాకా మీ తాళం ముందే కూర్చున్నాను. కరివేపాకు చెట్టు నీడలో కూర్చుందామని వాకిలంతా వెతికాను. పెయింటు డబ్బాలో మోకాలెత్తు మొక్క దొరికింది, సరిగ్గా మీ ఏసీ గొట్టం కింద. దాని నీడలో మంచం పట్టదు గానీ నా చెప్పులు పట్టాయి. బావకెలా తెలుసో ఇక అడగను.

మీరు ఏసీ ఆపి వెళ్లారు, ఆకులు వాలిపోయాయి. నేను తాగడానికి తెచ్చుకున్న సీసా నీళ్లు దానికే పోశాను. మూడింటికల్లా తలెత్తింది. బావతో చెప్పు, వీడి చేతిలో ఒక మొక్క బతికిందని.

ఇట్లు,
భీమరాజు

తా.క.: రహమతుల్లా మా ఏసీ స్విచ్చికి టేపు చుట్టేశాడు. మీ గొట్టం కింద ఇంకో డబ్బాకు చోటుందా?