పానం కొట్టుకుంటుంది

అత్తయ్యా, నేను కాపురానికొచ్చిన కొత్తలో మీరోసారి "పానం కొట్టుకుంటుంది బిడ్డా" అన్నారు. మా గోదావరి వైపు ఆ మాట చావుబతుకుల్లోనే అంటాం. హడలిపోయి మిమ్మల్ని దిల్‌సుఖ్‌నగర్ ఆసుపత్రికి లాక్కెళ్లాను. నొప్పి ఎక్కడని డాక్టరు అడిగితే, "నొప్పేంది సారూ? సీతాఫలం తినబుద్ధయితుంది" అన్నారు మీరు.

ఆ మాటంటే తిండి మీద తహతహేనని ఇన్నేళ్లూ అనుకున్నాను.

మీరు పోయాక సీతాఫలాలు కనబడటం ఇవాళే. ఎల్బీ నగర్‌లో బస్సు దిగినామె గంప దించగానే, "పానం కొట్టుకుంటుందమ్మా" అనేశాను, అచ్చం మీలాగే. నేనా పండే ముట్టనని మీకు తెలుసుగా!

ఆమె పండు తియ్యలేదు. నా ముఖంలోకి చూసి మెల్లగా అడిగింది:

"ఎవలు యాదికొచ్చిండ్రమ్మా?"