దండిరాజు గద్దె దిగిన విధం

పూరీ గేట్, ఖరగ్‌పూర్
మాఘమాసం, శుక్రవారం

నాయనా మోహనకృష్ణా,

నా పేరు బోనెల పైడమ్మ. వయసు డెబ్బై ఎనిమిది, ఒక ఏడాది అటో ఇటో. మా ఆయన నూకయ్య రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరై, తొమ్మిదేళ్ళ కిందట పోయాడు. ఇంట్లో నేను, కొడుకు ఈశ్వరరావు, కోడలు మీనాకుమారి, మనవరాలు ఆమని ఉంటాం. నాకు చదువు లేదు. నేను చెబుతూ ఉంటే పక్కింటి ఏబెల్ మాస్టారు రాస్తున్నారు. తెలుగు బడిలో ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పిన మనిషి కనక నా మాటని బడి తెలుగులోకి దిద్దుతున్నారు. మాట దిద్దుకోనీ, సంగతి దిద్దకూడదని ముందే చెప్పాను.

కిందటేడు నువ్వు మా వరండాలో నాలుగు రోజులు కూర్చుని, ఫోను నా ముందు పెట్టి, నేను జముకు తీగ మీటుతూ పాడిన దండిరాజు కథంతా పట్టుకెళ్ళావు. మీనాకుమారి చేసిన ఎండుచేపల పులుసు నచ్చిందన్నావు. మంచివాడివే. ఇప్పుడు పుస్తకం అచ్చుకి వెళ్తోందని, ఒప్పుదల కాగితం మీద వేలిముద్ర వేసి పంపమని రాశావు. కథ కూడా జత చేశావు. మాస్టారు నిన్న చదివి వినిపించారు. మొదలంతా నాదే. చివరికొచ్చేసరికి పొరుగు రాజట, పదివేల సైన్యమట, ఏనుగులట. కోట గోడ పగలగొట్టి దండిరాజు తల నరికారట.

టీ గ్లాసు కింద పెట్టేశాను. "మాస్టారూ, రెండు పేజీలు ఒక్కపాలి తిరగేసినారేటి?" అన్నాను.

"లేదమ్మా, ఇదే ఉంది. మూడు ఊళ్ళవాళ్ళు పాడిన కథలు కలిపి ఒకటి చేశాడట. కింద రాశాడు," అన్నారు.

ఎవడి కూర వాడి కుండలో ఉండాలి నాయనా. నా కథకి ఇంకొకడి తోక కట్టావు. తోక తీసేదాకా నీ ఒప్పుదల కాగితం మీద నా వేలిముద్ర పడదు. నా వాదన వినుకో.

దండిరాజు దేశంలో ఒకటే చట్టం. రాజు ఏది అన్నా ఊరంతా ఊ అనాలి. పొద్దున్నే మేడ మీదికొచ్చి "వాన నా సెలవు లేకుండా పడదు" అంటే, ఊ. కుమ్మరి చేతులు నరికించి "వంకర కుండలు ఇక పుట్టవు" అంటే, ఊ. మొదట్లో భయంతో అన్నారు. పోనుపోను అలవాటైపోయి, పసిపిల్లలు అమ్మ అనడానికంటే ముందు ఊ అనడం నేర్చారు. కోట కడుతుంటే గోడ నిలవడం లేదని ఒక తల్లి కొడుకుని గోడలో పెట్టి కట్టారు. మర్నాడు రాజు మేడ మీదికొచ్చి "సూర్యుడు నా సెలవుతో పొడిచాడు" అన్నాడు. ఆ తల్లి ఊ అనలేదు. పక్కనున్నావిడ ఆమె ముఖం చూసి తనూ ఊరుకుంది. ఆ ఊరుకోవడం వీధి చివరిదాకా పాకింది, అక్కణ్ణించి సిపాయిల దాకా పాకింది. సిపాయిలూ ఆ ఇళ్ళ బిడ్డలే కదా.

రాజు మళ్ళీ అన్నాడు. ఏమీ వినపడలేదు. సేనాపతిని పిలిచాడు. సేనాపతి వచ్చాడు గానీ అతని వెనక ఎవరూ రాలేదు. వంటవాడు పొయ్యి రాజెయ్యలేదు. వాకిలి కాసేవాడు తాళాలగుత్తి మెట్టు మీద పెట్టి ఇంటికెళ్ళిపోయాడు. ఒక్కడు రాయి విసరలేదు నాయనా! ఒక్క ఇటుక కదలలేదు, అయినా కోట పడిపోయింది. ఇన్నేళ్ళుగా పాడుతున్నాను, ఇక్కడికొస్తే ఇప్పటికీ నా ఒళ్ళు జలదరిస్తుంది. పుట్టాక మొదటిసారి రాజుకి తన అడుగుల చప్పుడు తనకే వినిపించింది. గద్దె దిగాడు. ఏడు వాకిళ్ళూ దాటాడు. ఆపినవాడు లేడు, దండం పెట్టినవాడూ లేడు. ఊరి బయట నీళ్ళు మోసుకుపోతున్న ముసలావిడ "ఎవులు బాబూ నువ్వు? ఏ ఊరు మీది?" అని అడిగింది. అక్కడితో కథ ఆఖరు.

ఆ మాట ముందు నీ ఏనుగులు దోమలు. సైన్యమొచ్చి రాజుని చంపితే ఇంకో రాజు కూర్చుంటాడు, అంతే. అందులో వింతేముంది?

ఇది మా అయ్య అప్పన్న పాట. బొబ్బిలి నుంచి వచ్చి ఈ రైల్వే ఊళ్ళో పాడినవాడు. ఆయన ఎలా పాడాడో నేనూ అలాగే పాడాను. మార్చడానికి నువ్వెవరు?

ఇట్లు,
బోనెల పైడమ్మ వేలిముద్ర
సాక్షులు: ఏబెల్ (రాసినది), బోనెల ఈశ్వరరావు


పూరీ గేట్, ఖరగ్‌పూర్
ఫాల్గుణం, మంగళవారం

నాయనా మోహనకృష్ణా,

నీ ఉత్తరం అందింది. మా అయ్య దగ్గర పాట నేర్చుకున్న సూరయ్య బొబ్బిలి దగ్గర ఇంకా బతికే ఉన్నాడని, ఏనుగుల తోక ఆయనదేనని రాశావు. అప్పన్నగారు నేర్పినట్టే పాడుతున్నానని ఆయన ఒట్టేసి చెప్పాడన్నావు. అయినా ఒక్క కటువు మాట లేదు. "మామ్మగారూ, మీ నాన్నగారి పాటలో యుద్ధం ఉందా, లేదా? మీరు ఏది చెబితే అదే అచ్చు వేస్తాను" అని అడిగావు. నువ్వు తిట్టి ఉంటే నేనూ నాలుగు తిట్టేదాన్ని. నమ్మావు. నాలుగో రోజు మాస్టారిని పిలిచి కాగితం తెమ్మన్నాను.

యుద్ధం ఉంది. మొదటి ఉత్తరంలో నేను అబద్ధం చెప్పాను.

ఇక్కడ మాస్టారు కలం ఆపేశారు. "అమ్మా, ఆ ఉత్తరానికి సాక్షి సంతకం పెట్టింది నేను!"

"ఎట్టినారు. తప్పు నాది, సిరా మీది. రాయండి బాబూ."

రాస్తున్నారు.

మా అయ్య పాడేటప్పుడు ఏనుగులొచ్చే ఘట్టం గంటసేపు నడిచేది. నేనూ ఇరవై రెండేళ్ళు అలాగే పాడాను. నాకు ఇద్దరు వంతలు, గౌరి, సత్యవాణి. వంత అంటే నేను అన్న ప్రతి మాటకీ ఊ కొట్టి, నా పాట చివర అందుకునేవాళ్ళు. నీ పుస్తకం చదివేవాళ్ళకి తెలియకపోతే తెలుసుకోనీ. నేను బల్ల మీద కూర్చునేదాన్ని, వాళ్ళు కింద చాప మీద. బల్ల నా ఏర్పాటే. మా అయ్య కూడా చాప మీదే కూర్చునేవాడు.

గౌరి గొంతు నా గొంతు కంటే మంచిది. ఈ మాట ఈ జన్మలో మొదటిసారి చెబుతున్నాను, అదీ మాస్టారి చెవిలో. గౌరి పై స్థాయికి వెళ్ళబోతే కంటితో ఆపేదాన్ని. కన్ను చాలకపోతే కర్ర ఉండేది. ఒకసారి తాళం తప్పిందని మణికట్టు మీద కొట్టాను. తప్పింది ఆమె తాళం కాదు, నాది. అది ఆమెకీ తెలుసు. తన మొగుడు ఆసుపత్రిలో ఉన్న వారం కూడా సాధనకి రావలసిందే అన్నాను. వచ్చింది. చెంగుతో కళ్ళు తుడుచుకుని ఊ కొట్టింది. ఇంట్లోనూ నాది అదే పద్ధతి. మా ఆయన అన్నంలో ఉప్పు తక్కువైతే నా ముఖం చూసి, "బాగుందే" అని తినేవాడు.

ఒక ఏడు పూరీ గేట్ దగ్గర అమ్మవారి పండుగ. సాయంత్రం, ఎండ ఇంకా పోలేదు. మూడు నాలుగు వందల మంది జనం. నేను దండిరాజునై లేచి నిలబడి, "సూర్యుడు నా సెలవుతో పొడిచాడు" అన్నాను.

ఊ రాలేదు.

మరిచిపోయారనుకున్నాను. మళ్ళీ అన్నాను. రాలేదు. వెనక్కి తిరిగి చూశాను. ఇద్దరూ జముకులు ఒళ్ళో పెట్టుకుని నన్నే చూస్తున్నారు. కోపంగా చూసి ఉంటే నాకు బలమొచ్చేది. కోపం లేదు. పొయ్యి ఆరిందో లేదో చూసినట్టు చూస్తున్నారు. మూడోసారి అన్నాను. ఈసారి ముందు వరస ఆడవాళ్ళు కూడా ముఖాలు చూసుకుని మాట్లాడడం మానేశారు. వాళ్ళ వెనకవాళ్ళు కూడా. బఠాణీలవాడు గంట కొట్టడం ఆపేశాడు. నాయనా, ఎన్నో ఏళ్ళుగా పాడుతున్న రాజు ఆ క్షణాన నా ఒంట్లోకి వచ్చి నిలబడ్డాడు. కాదు, ఎప్పటినుంచో ఉన్నవాడే, అప్పుడు కనిపించాడు. నాకు అవమానం అనిపించలేదు. భయమూ కాదు. సముద్రం మొదటిసారి చూసినవాళ్ళు నోరు తెరిచి నిలబడతారే, అలా నిలబడిపోయాను. ఇద్దరు ఆడవాళ్ళు నోరు మూసుకున్నారు, నా రాజ్యం పోయింది. ఇంత తేలికా? ఇంత పెద్దదా?

నోటికి ఏనుగులు రాలేదు. "రాజు గద్దె దిగినాడు" అని, నేనూ బల్ల దిగాను. జనంలోంచి నడిచాను. దారి ఇచ్చారు గానీ ఎవరూ పలకరించలేదు. నా చెప్పుల చప్పుడు నాకు వినపడింది. రైలు పట్టాల పక్కన నీళ్ళబిందెతో వస్తున్న ఒక ముసలామె నన్ను ఎరగదు, "ఎవులమ్మా నువ్వు?" అంది.

జనం అదంతా కథే అనుకున్నారు! మర్నాడు కమిటీవాళ్ళు ఇంటికొచ్చి, "రాజు దిగే కత బాగుందమ్మా, వచ్చే ఏడు కూడా అదే పాడాల" అన్నారు. "మా అయ్య పాట" అన్నాను. ఆ ముగింపు ఎవరిదో చెప్పాలంటే ఎందుకొచ్చిందో చెప్పాలి కదా. అప్పటినుంచి గౌరి రాలేదు. సత్యవాణి టాటానగర్‌లో కూతురి దగ్గరికి వెళ్ళి అక్కడే పోయింది. నేను వేరే వంతల్ని పెట్టుకున్నాను. గట్టిగా ఊ కొట్టేవాళ్ళని.

ఇదీ సంగతి. ఇప్పుడు ఆ కాగితం మీద వేలిముద్ర వేసే హక్కు నాకుందో లేదో నాకే తెలియడం లేదు. గౌరి ఈ ఊళ్ళోనే మలంచాలో ఉంటోందట. అడిగి రాస్తాను. అంతవరకు అచ్చు ఆపు.

ఇట్లు,
బోనెల పైడమ్మ వేలిముద్ర
సాక్షి: ఏబెల్ (రాసినది, ఈసారి విని మరీ రాసినది)


మలంచా, ఖరగ్‌పూర్
ఆదివారం

నాయనా మోహనకృష్ణా,

ఈ ఉత్తరం గౌరి ఇంట్లో కూర్చుని చెబుతున్నాను. మాస్టారినీ ఆమనినీ ఆటోలో ఎక్కించుకుని వచ్చాను. వచ్చేసరికి గౌరి కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తోంది. జుట్టు నా జుట్టు కంటే తెల్లబడింది. తల ఎత్తలేదు.

"ఎవులని అడగవేటే?" అన్నాను.

"అడగక్కర్నేదు. ఈదిలోకి వొచ్చినప్పుడే తెలిసింది. ఆ నడక పోలీసుకైనా ఉండదు. కూకో అప్పా."

అప్పా అంటే మా వైపు అక్కా అని. కుర్చీ చూపించింది. నేను నేల మీద కూర్చున్నాను. మోకాళ్ళు ఒప్పుకోలేదు, ఆమని పట్టుకుని దింపింది. గౌరి అప్పుడు తలెత్తి చూసింది, కోయడం ఆపలేదు.

నీ పుస్తకం సంగతి చెప్పాను. నా అబద్ధమూ చెప్పాను. ఇన్నేళ్ళూ దాచుకున్న మాట అడిగాను. "ఆ రోజు మిమ్మల్ని ఎవులు ఎగదోసినారే? కమిటీవోళ్ళా? మా ఆయనా?"

పకపకా నవ్వింది. "ఎవులో ఎగదోయాలేటి? నువ్వే గదా నేర్పినావు!"

"నాను నేర్పినానా?"

"మరేటి? ఇరవై రెండేళ్ళు నీ పక్కన కూకోని ఇన్నాం. ఈ ఊళ్ళో ఆ కత మాకన్నా ఎక్కువ పాలులు ఇన్నోళ్ళెవులు సెప్పు? ఒకరోజు గోల్‌బజార్‌లో చేపలు కొంటా సత్యవాణి అంది, 'గౌరప్పా, ఆ రాజుని సంపడానికి అన్ని ఏనుగులెందుకే? ఈ ఊరోళ్ళు ఊ అనడం మానేత్తే సాలు గదా' అని. నాను చేపల సంచీ కింద ఎట్టేసి దాని మొకం సూసినాను. అంతే. ఇద్దరం ఇంకేటీ మాటాడుకోనేదు."

నాయనా, నేను కథ చెప్పింది జనానికి అనుకున్నాను. ముందు కూర్చున్నవాళ్ళనే చూశాను. నా వెనక, నా మోచేతి పక్కన కూర్చుని అందరికంటే ఎక్కువ విన్నవాళ్ళని వినేవాళ్ళ లెక్కలో వెయ్యలేదు. ఏ గద్దె మీద కూర్చుని పాడానో ఆ గద్దె కాళ్ళు నా పాటే కోసింది. పాటకి ఇంత బలం ఉంటుందా! నేను రోజూ మోసుకు తిరిగినది ఇదా!

"కొడతావనుకున్నాం," అంది గౌరి. "కర్ర ఎత్తుతావు, ఒట్టుకుందాం అనుకున్నాం. దిగిపోతావని మాత్రం అనుకోనేదప్పా."

"మరి మళ్ళా రానేదేటే?"

"నువ్వు పిలిసినావా?"

ఏబెల్ మాస్టారు గోడ వైపు చూశారు. ఆమని నా భుజం మీద చెయ్యి వేసింది. "పిలవనేదు," అన్నాను. "తప్పే." ఈ రెండో మాట నా నోట ఈ ఊళ్ళో ఎవరూ విని ఉండరు. మాస్టారు దాన్ని రెండుసార్లు రాయబోతే ఒకసారి చాలన్నాను.

గౌరి చేపలు కడిగి, చేతులు తుడుచుకుని, నీ కాగితం ఆమని చేత చదివించుకుంది. వంత గౌరి అని వేస్తే ఒప్పుకోనంది. ఇద్దరం చాలాసేపు పోట్లాడుకుని ఇలా తేల్చాం. ఏనుగులు మా అయ్యవి. సూరయ్య పాడినట్టు ఆయన పేరుతో వెయ్యి, ఒక్క ఏనుగూ తగ్గించకు. ఆ తరవాత రెండో ముగింపు వెయ్యి. ఊ అనకపోవడం సత్యవాణి, గౌరి కట్టినది అని వాళ్ళ పేర్లతో, నా పేరుకి ముందు. రాజు మాట మూడోసారి అయ్యాక కాగితం కాస్త ఖాళీగా వదులు. చదివేవాళ్ళు అక్కడ ఆగాలని గౌరి అంది.

గద్దె దిగడం మాత్రం నాది. దాన్ని ఎవరి పేరా పెట్టనివ్వను.

ఈ షరతుల మీద ఒప్పుదల ఇస్తున్నాను.

ఇట్లు,
బోనెల పైడమ్మ వేలిముద్ర
సాక్షులు: ఏబెల్ (రాసినది)
బోనెల ఆమని
గౌరి, కథకురాలు (తెలుగు రాయడం రాక, బెంగాలీలో సంతకం)