కిటికీ పాట రెండో లైను

11 మే 2003
రాయ్‌పూర్ గుఢియారీలో బారాత్. జోగయ్య మాస్టర్ బ్యాండులో నాది క్లారినెట్. పెళ్ళివారి గేటు దగ్గర కిటికీ పాట అందుకున్నాం. పాత తెలుగు సినిమాది. హిందీలోనూ వచ్చింది కాబట్టి అందరికీ తెలుసు. మేడ మీద ఒకమ్మాయి పూలు విసురుతూ నన్నే చూసింది. పాటలో ఎక్కడున్నానో మరిచిపోయి పల్లవి రెండో లైను మళ్ళీ వాయించాను. కళ్ళెక్కడెట్టావురా అని మాస్టర్ తిట్టాడు. బారాతీలు మాత్రం ఫిర్ సే, ఫిర్ సే అంటూ మళ్ళీ అలాగే వాయించమన్నారు.

2 జూన్ 2003
ఇప్పుడు మూడు బ్యాండులు ఆ లైను రెండుసార్లు వాయిస్తున్నాయి. పెళ్ళిళ్ళ సీజన్లో అన్ని బ్యాండుల్లోనూ మార్చి మార్చి వాయించేది మేమే కదా.
ఆ అమ్మాయి పేరు దాలమ్మ.

19 ఫిబ్రవరి 2005
దాలమ్మతో నా పెళ్ళయింది. మేడ సంగతి ఆమెకు చెప్పలేదు.

7 అక్టోబర్ 2010
ఛత్తీస్‌గఢీ ఆల్బమ్‌లో కిటికీ పాట. రెండో లైను రెండుసార్లు ఉంది! సీడీల షాపులో విని, ఒకటి కొనుక్కొచ్చాను.

12 నవంబర్ 2024
మా అమ్మాయి నీలిమ కిటికీ పాట పాడి యూట్యూబ్‌లో పెట్టింది. శనివారం తెలుగు సంఘం ఫంక్షన్‌లోనూ అదే పాడాలి.

13 నవంబర్
విజయవాడ నుంచి ఎవరో కామెంట్ పెట్టారు. రెండో లైను ఒక్కసారే, పాట రానివాళ్ళు పాడటమెందుకని. కింద ఇరవై మంది నవ్వారు. నీలిమ అన్నం తినలేదు. వీడియో తీసేస్తానంది. స్టేజీ ఎక్కనంది. ఇక పాడనే పాడనంది.
ఒరిజినల్, హిందీది, రీమిక్స్, గిటార్ కవర్, అన్నీ వరసగా విన్నాను. అన్నిట్లో ఒక్కసారే. రెండుసార్లున్నది మా ఊరి బ్యాండుల్లో, ఆ ఆల్బమ్‌లో, మా ఇంట్లో.
తప్పు నాది. అది చెప్పాలంటే మేడ సంగతి కూడా చెప్పాలి.

14 నవంబర్
చెప్పాను.
ఏటి నాన్నా, అమ్మని చూసి లైను తప్పావా, ఇన్నేళ్ళూ చుప్‌చాప్ కూర్చున్నావా అని నీలిమ ఒకటే నవ్వు. దాలమ్మ తాలింపు వదిలేసి నా మీదికొచ్చింది. ఏటండీ, అయితే ఆ పాటలో ఆ లైను ఒక్కసారేనా, ఇన్నాళ్ళూ నాచేత తప్పు పాడించారా, దీన్ని ఉయ్యాల్లో ఊపుతూ కూడా అలాగే పాడాను గదా అంది.
కాసేపటికి, ఏం పూలు విసిరాను అని అడిగింది. బంతిపూలు అన్నాను.
తాలింపు మాడిపోయింది.
నీలిమ వీడియో ఉంచింది. కింద రాసింది: ఇది రాయ్‌పూర్ పద్ధతి, మా నాన్న తప్పు.

16 నవంబర్
పాడింది. ఆ లైను రెండోసారికి హాలంతా అందుకుంది. ఇక్కడ పుట్టినవాళ్ళకు ఆ పాట అలాగే వచ్చు.

8 డిసెంబర్
మా ఊరి పక్క సిల్తారా స్టీల్ ప్లాంటులో ఎవరో ఫర్నేస్ ఆపరేటరట, కిటికీ పాట పాడి పెట్టాడు. రెండో లైను మూడుసార్లు.
ఎవరిని చూశాడో.