కారుకు రెండు ఎత్తులు

2 ఫిబ్రవరి 1961, గురువారం. బళ్ళారి, గాంధీనగర్.

పొద్దున 6-10. ఇయ్యాలట్నుంచి మన కారు పని మనమే చేసుకునేది. తీర్మానం అయిపోయింది.

కారణం కౌల్ బజారు మెకానిక్ పక్కీరప్ప. నిన్న సైలెన్సరు కట్టమని పోతే వారం దినాలు ఆగమన్నాడు. నేనే కట్టుకుంటా లేప్పా అంటే నవ్వినాడు. "కారు లోపల కూర్చునేది నీ పని సుబ్బరామప్పా, కింద పండుకునేది మా పని" అన్నాడు. పదిమంది ముందర అన్నాడు. చూపిస్తా.

కావలసినవన్నీ ఉండాయి. జాకీ (కారుతో వచ్చింది). పానాల సంచి (దాంతోనే వచ్చింది). పాత ఇంగ్లీషు పుస్తకం (మొదటి పదహారు పేజీలు లేవు). గ్యారేజీ. గ్యారేజీని మాయమ్మ హనుమక్క ఇంకా కొట్టమనే అంటాది. మన ఎద్దులు ఎమ్మిగనూరు చేనికి పోయి మూడేండ్లాయె, అయినా కొట్టమే.

పుస్తకం చూసి గోడ మింద సుద్దతో రాసినా:

1. గేరులో పెట్టి హ్యాండు బ్రేకు లాగాల.
2. నేల మింద ఉండే చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు.
3. జాకీ కింద గట్టి చెక్క. మెత్తని నేల మింద జాకీ పెట్టకూడదు.
4. జాకీ ఉండేది లేపేకి, మోసేకి కాదు. మోసేకి రెండు ఎత్తులు (గట్టి దిమ్మెలు) పెట్టాల.
5. ఊపి చూసినాకనే కింద దూరాల.

నాలుగోది సుబ్బరత్న చదివింది. నా భార్య ఒకసారి చదివిందంటే మరిచిపోదు. నా చెయ్యి తీసి తన తల మింద పెట్టుకునింది.

"ఎత్తులు లేకుండా కారు కింద తల పెట్టనని చెప్పు. ఒక్కసారి తప్పినా ఈ జన్మలో నేను నీ కారెక్కను."

ఒట్టు పెట్టేసినా. అదేం కష్టం? కారు కొనిందే ఆమె కోసరం. మూడు నెలలాయె, ఒక్క దినం ఎక్కలేదు. సైలెన్సరు సప్పుడుకు జట్కా గుర్రాలు బెదురుతాయి, తనకు సిగ్గంట. 24వ తేదీ ఎమ్మిగనూరులో వాళ్ళక్క సిద్దక్క మనవణ్ణి తొట్లలో వేస్తారు. ఆ దినం సుబ్బరత్న ముందు సీట్లో నా పక్కన కూర్చోని ఊర్లోకి రావాల. నాకు కావాల్సింది అదొక్కటే.

3 ఫిబ్రవరి, శుక్రవారం

7-30. కారు లేచింది! ముందర చక్రాలు రెండూ గాల్లో!

8-00. వీధిలోవాళ్ళు చూసిపోతాండారు. అందరికీ కాఫీ.

8-40. ఎత్తులు లేవు కాబట్టి కింద దూరలేదు. చేతులు కట్టుకొని చూసినా. దించినా. మొదటి దినానికి ఇది చాలు.

మంచం కోళ్ళ కింద ఎత్తులు పెడతామే, అట్లాంటివే కావాల, కాకపోతే పెద్దవి. ఎమ్మిగనూరులో మన చేనికాడ తుమ్మ మొద్దులు పడుండాయి. చేను చూసుకునే ఉచ్చెంగెప్పకు కార్డు రాసినా: "కారుకు రెండు ఎత్తులు కావాల. గట్టివి, సరిజోడు, బరువుకు తట్టుకునేవి. నువ్వే తీసుకోని రా. అర్జెంటు." తక్కువ మాటల్లో అన్నీ వచ్చేటట్ల రాసేది నాకు చేతనైతాది.

5 ఫిబ్రవరి, ఆదివారం

ఉచ్చెంగెప్ప వచ్చేవరకూ ఊరికే కూర్చునేది ఎందుకని పక్కింటి గోడకు తెచ్చిన ఇటుకలు పేర్చినా. ఒక్కో పక్క నాలుగు. కారు దించినా. పటపటమని మూడు ఇటుకలు బెల్లం అచ్చుల మాదిరి పగిలినాయి. నేను కింద లేను. ఒట్టు ఒట్టే!

గోడ మింద ఆరో రూలు రాసినా: ఇటుకలు వద్దు.

8 ఫిబ్రవరి, బుధవారం

మాయమ్మ రోలు చూసినా. నల్లరాయి, మోకాలెత్తు, దాన్ని ఏనుగు తొక్కినా ఏం కాదు. అడిగినా. మాయమ్మ పోయి రోటి మింద కూర్చునింది. చట్నీ యాడ నూరాలప్పా, నీ ఇంజను మిందనా అనింది. అయినా ఒక్క రోలుతో ఏం పని, పుస్తకంలో రెండు అని ఉండాది.

9 ఫిబ్రవరి, గురువారం

11-00. ఉచ్చెంగెప్ప వచ్చినాడు. రెండు దినాలు నడిచి వచ్చినాడు. వెనకాల రెండు ఎద్దులు. తెల్లవి, కొమ్ములు నున్నగా చెక్కినారు, సరిజోడు.

"ధణీ, ఎత్తు తందీని నోడ్రి" అన్నాడు.

కన్నడంలో ఎత్తు అంటే ఎద్దు. ఎద్దులు తెచ్చినా చూడండి అంటాండాడు. బళ్ళారిలో పుట్టినా, పెరిగినా, నలభై రెండేండ్లు ఈ ఊరి నీళ్ళే తాగినా. కార్డు రాసేటప్పుడు అది నాకు తట్టలేదు. కారు పాడైంది, లాగేకి ఎద్దులడిగినారు అనుకున్నాడంట. వాని తప్పేముంది? గట్టివి అన్నా, సరిజోడు అన్నా, బరువుకు తట్టుకునేవి అన్నా. అన్నీ సరిపోయినాయి.

సుబ్బరత్న ఎద్దులకు గడ్డి వేసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వేసింది. మాయమ్మ మాత్రం కొట్టానికి మళ్ళీ కళ వచ్చిందని పసుపు తెచ్చి వాటి కొమ్ములకు పూసింది.

10 ఫిబ్రవరి, శుక్రవారం

ఎద్దులు అలిసిపోయినాయి, వారం దినాలు ఈడనే ఉండాల అంటాడు ఉచ్చెంగెప్ప. వాడు కూడా అలిసిపోయినాడంట. కారు పక్కనే కట్టేసినాడు. నా చెక్క (రూలు 3) తీసి కుడితి తొట్టి కిందికి వేసినాడు. వద్దని ఎట్లంటా, పిలిపించుకునింది నేనే కదా.

ఈ వారం పని జరగదు. జాగా లేదు.

13 ఫిబ్రవరి, సోమవారం

బాగా యోచన చేసినా. ఒట్టులో ఏముండాది? కారు కింద "తల" పెట్టను అని ఉండాది. కాళ్ళ మాట రాలేదు. ఇదే మాట సుబ్బరత్నతో అన్నా. కాళ్ళు పెడితే పెట్టినట్టు కాదు, న్యాయంగా చూస్తే అంతే అన్నా. ఆమె బియ్యం ఏరుతా ఉండింది. తల ఎత్తలేదు, ఊ అనింది.

సాయంత్రం 4-00. కాళ్ళు రెండూ దూర్చినా.

4-20. కాలి వేళ్ళతో తీగ కట్టేకి రాదు.

16 ఫిబ్రవరి, గురువారం

ఒక చెయ్యి, ఒక భుజం. సైలెన్సరు వేళ్ళకు తగిలింది. తల బయటనే ఉండాది, మెడ పట్టేసింది.

కట్టెల డిపోలో రెండు మొద్దులు కోసిపెట్టమంటే మంగళవారం రమ్మన్నాడు. నేనేం ఊరికే లేను, ప్రయత్నం చేస్తానే ఉండా.

21 ఫిబ్రవరి, మంగళవారం

10-00. కట్టెల డిపోకు బీగం. కొడుకు పెండ్లంట.

మూడు దినాలే ఉండాయి. తీగ నాలుగు చుట్లు తిప్పితే చాలు, రెండు నిమిషాల పని. పక్కీరప్ప దినమ్మూ ఉత్త జాకీ మిందనే చేస్తాడు, వానికేమైంది?

3-10. సుబ్బరత్న కూరగాయలకు పోయింది.

3-15. దూరినా. తలతో సహా.

3-25. వచ్చేసినా. ఏమీ కాలేదు. ఒక పక్క కట్టినా. ఇంగో పక్క రేపు. నూనె పడిన చొక్కా బట్టల మూటలో అడుక్కు తోసినా. ఎవురికీ చెప్పే పని లేదు.

22 ఫిబ్రవరి, బుధవారం

రాయకూడదు అనుకున్నా. అయినా రాస్తా.

పొద్దున 10-30కి సుబ్బరత్న దేవుని గదిలో పూజకు కూర్చోనుండింది. జాకీ పెట్టినా. కింద చెక్క లేదు, తొట్టి కింద ఉండాది కదా. వారం అని చెప్పి ఎద్దులు రెండు వారాలుగా నిలబడిన నేల, పైకి ఆరినట్టే ఉండింది. దూరినా. తీగ రెండు చుట్లు తిప్పినా. పక్కన గరగరమని సప్పుడొచ్చింది. ఎద్దు కొమ్ములు గోడకు రాసుకుంటాంది అనుకొని హెయ్ అని అదిలించినా. మూడో చుట్టు తిప్పుతాంటే జాకీ ఒక పక్కకు ఒరిగింది. నేల తడి, లోపలికి దిగిపోయింది. కారు నా మిందికి వచ్చేసింది.

ఎదకు జానెడు పైన ఆగింది.

కళ్ళు తెరిస్తే మాయమ్మ రోలు. కారు చట్రం దాని మింద కూర్చోనుండాది. రోటికి అవతల సుబ్బరత్న చేతులు, గాజులతో సహా, ఇంకా దాన్ని పట్టుకోనే ఉండాయి. ఉచ్చెంగెప్ప నా కాళ్ళు పట్టి బయటికి లాగినాడు.

నిన్ననే చొక్కా చూసిందంట. అప్పట్నుంచి నన్ను కనిపెడతానే ఉండిందంట. నేను కింద దూరింది చూసి ఉచ్చెంగెప్పను పిలిచి, ఇద్దరూ రోలు దొర్లించుకొచ్చినారు. ఆ గరగర అదే. మాయమ్మే లేచి ఇచ్చిందంట.

తిడతాది అనుకున్నా. తిట్టి ఉంటే బాగుండు. నా వీపుకంటిన పేడ తుడిచింది.

"నా తల నిలిచింది, నీ తలా నిలిచింది. కారు మాత్రం నేనెక్కను."

నాకు ఏడుపొచ్చింది. మధ్యాన్నం వరకూ ఎద్దుల పక్కన కూర్చున్నా.

24 ఫిబ్రవరి, శుక్రవారం. ఎమ్మిగనూరు.

నిన్న తెల్లారి బయలుదేరినాం. అడిగి తెచ్చుకున్న బండిలో. లాగింది ఆ ఎద్దులే. ఉచ్చెంగెప్ప తోలినాడు, మాయమ్మ, సుబ్బరత్న, నేను వెనకాల. కుదుపుకు నడుము పోయింది.

తొట్లకాడ ఊరంతా ఒకటే అడుగుడు, కారు యాడ, కారు యాడ అని. నేను నోరు తెరిచే లోపల సుబ్బరత్న అందరికీ జవాబు చెప్తాంది. "కారుకు రెండు ఎత్తులు కావాలన్నాడు. దొరికినాయి. ఇంగ కారెందుకు?" సిద్దక్క నవ్వి నవ్వి పిల్లోణ్ణి ఇంగొకరి చేతికిచ్చింది.

నవ్వుకోనీ. పక్కన కూర్చోనే వచ్చింది కదా, బండిలోనైనా.

27 ఫిబ్రవరి, సోమవారం. గాంధీనగర్.

పొద్దున 6-00. ఇయ్యాలట్నుంచి మళ్ళీ మొదలు. చేనికాడ నిలబడి తుమ్మ మొద్దులు నాలుగు కోయించి, బండిలో వేసుకొచ్చినాం. వేలు పెట్టి చూపించి కోయించినా, ఎత్తులు అనే పేరు చెప్పలేదు. ఎద్దులు వెనక్కి పోయినాయి. కొట్టం, కాదు గ్యారేజీ, కడిగి మట్టి దిమిస కొట్టినా.

పాత రూలులన్నీ తుడిచి మళ్ళీ రాసినా. ఏడోది కొత్తది: తల అంటే కాళ్ళు కూడా. జాకీ రాడ్డు సుబ్బరత్న బీరువాలో ఉంటాది. ఇచ్చేది ఆమె, తీసుకునేది ఆమె.

3-30. చెక్క. జాకీ. ఒక్కో పక్కకు రెండు మొద్దులు అడ్డంగా. కారు వాటి మింద దించినా. ఊపినా. సుబ్బరత్న కూడా రెండు చేతులా ఊపింది, నా కంటే గట్టిగా.

4-15. సైలెన్సరు కట్టినా. రెండు పక్కలా. ఆమె కుర్చీ వేసుకోని మొద్దుల్ని చూస్తానే ఉండింది.

4-40. బయటికొచ్చి చేతులు కడుక్కున్నా. ఇంగ చక్రాలు దించుతా, పక్క వీధి వరకైనా ఎక్కుదువు రా అన్నా. ఒట్టు ఒట్టే అనింది. నేను తువాలు కోసరం లోపలికి పోయినా.

4-45. వచ్చి చూస్తే ముందు సీట్లో కూర్చోనుండాది. తలుపు కూడా వేసుకునింది. ఏమే, ఎక్కను అంటివే అన్నా.

"ముందర చక్రాలు నేలకు తగల్లేదు. ఎక్కినట్టు కాదు. న్యాయంగా చూస్తే అంతే" అనింది, ముందుకు చూస్తానే.

ఆమె దిగితేనే మొద్దులు తియ్యాల, కారు దించాల. రాడ్డు ఆమె వొళ్ళోనే ఉండాది. పక్కన నేనూ కూర్చోని రాస్తాండా.

టైము అయిదూ పది. ఇంకా దిగలేదు.