ఏడు కాజాల చొక్కా

మార్చి 12, గురువారం, మధ్యాహ్నం

గడియారాల షాపు చెల్లెమ్మకు,

మీ అక్కయ్య నమస్కారాలు. మీరూ మీ ఆయనా పాపా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. పొద్దున దేవుడి ముందు కూర్చుని మీ ముగ్గురినీ తలుచుకున్నాకే కలం పట్టుకున్నాను. మేం బాగున్నాం అని రాయబోయి ఆగాను. ఉన్నాం.

మీ ఉత్తరం సోమవారమే అందింది. మూడు రోజులు జవాబు రాయలేకపోయాను, తప్పుగా అనుకోకండి. మీ ఆయనకి మెడ సిరలో బుడగ పెట్టి వెడల్పు చేయించడానికి ఇరవయ్యో తేదీ ఖాయమైందని రాశారు. మా ఆడపడుచు ఇచ్చిన చొక్కాని పాపకి తొడగకుండా షాపులో అద్దాల బీరువాలో పెట్టారని, వేళ్ల నుంచి చిన్న మరలు జారిపోయినప్పుడల్లా ఆయన దాని వంక చూసుకుంటున్నారని రాశారు. "అక్కయ్యా, ఆయన ఒక్కటే అడగమన్నారు. ఆవిడ ఇప్పుడు రోజుకి ఎన్ని కాజాలు కుడుతున్నారు?" అన్నారు.

మీకు సగం తెలిసిందే. అయినా మొదటినుంచి చెప్పకపోతే నాకు వరస తప్పుతుంది.

మా ఆడపడుచుకీ మీ ఆయనలాగే మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేలినప్పుడు ముప్పై ఏడేళ్లు. ఆ పేరు మాకు నోరు తిరగక, మీలాగే మేమూ ఎమ్మెస్ అనేవాళ్లం. నరాల మీది పొర అక్కడక్కడా చెడిపోతుందని, అందుకే ఓ రోజు చూపు మసకబారుతుందని, ఓ రోజు కాలు మాట వినదని నరాల డాక్టరమ్మ చెప్పింది. మా ముందు గదిలో బడి పిల్లల యూనిఫారాలు కుడతాం కదా, కత్తిరింపు నాది, కుట్టు ఆమెది. చేత్తో కాజాలు కుట్టడంలో ఆమెకి పెద్ద పేరు. గుండీ దూరే చీలిక చుట్టూ పోగు పక్కన పోగు పేర్చినట్టు కుట్టేది. నాకూ ఆమే నేర్పింది. "మా నంగనాచి వదిన కాజా నోరు తెరిచిన చేపలా ఉంది, ఎవరైనా గాలం తెండి" అని నవ్వేది. గట్టిగా మాట్లాడనని నాకా పేరు పెట్టింది. పదేళ్లు ఆమె చేత తిట్లు తిన్నాక నాకూ ఆ కుట్టు పట్టుబడింది.

జబ్బు వచ్చాక ఆమె కుట్టు వంకర్లు పోయింది. అప్పుడే విన్నాం, మెడలో రక్తం కిందికి దిగే సిరలు ఇరుకైతే ఈ జబ్బు వస్తుందని, బుడగతో వెడల్పు చేస్తే తగ్గుతుందని. నరాల డాక్టరమ్మ వద్దంది. "రుజువు కాలేదమ్మా, తొందరపడకండి" అంది. మా ఆయన మాత్రం, దేవుడు చూపించిన దారి ఇదేనేమో అన్నాడు. నిజానికి ఆ మాట నాది, ఆయన నోట వచ్చిందంతే.

మొదటిసారి చేసిన మర్నాడే చేతులు వెచ్చబడ్డాయంది. ఇంటికొచ్చిన వారానికి సూది పట్టింది. మధ్యాహ్నం కాస్త కునుకు తీసి లేచి, పొద్దున కుట్టిన కాజాలు చూసుకుని, "వదినా, నా చెయ్యి నాకొచ్చేసింది" అంది. ఏడు నెలలు మా ఇంట్లో ఆమె నవ్వే వినబడింది. జబ్బు పోయిందని నమ్మి, డాక్టరమ్మ రాసిన సూదిమందు మానేసింది. మానొద్దని నేను అనలేదు.

ఏడో నెలలో ఆ బుడగ పెట్టిన ఆసుపత్రికి పరీక్షకి వెళ్లినప్పుడే మీరు కలిశారు. ఆ పొడుగు బెంచీ మీద మనిద్దరి మధ్యా కూర్చుని, "మా బుడగల డాక్టరు మంచోడేనండీ, పుట్టినరోజుకి పిలిస్తే గదంతా ఊది కట్టేసి పోతాడు" అని మీ ఆయన్ని నవ్వించింది. తర్వాత లోపల ఏం జరిగిందో మీకు చెప్పలేదు. సిర మళ్లీ ఇరుకైందని స్కానింగులో తేలింది. ఆమె డాక్టరుకి చూపిద్దామని ఓ చిన్న చొక్కా తెచ్చింది, ముందువైపు ఐదు కాజాలు, చేతులకి చెరొకటి. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇంత సన్నపు పని చేశారంటే మొదటిసారి గుణమిచ్చినట్టేగా. మూసుకుంది కాబట్టి మళ్లీ తెరుద్దాం" అన్నాడు. నేను పక్కనే కూర్చున్నాను. చొక్కా తీసుకుని మడత పెట్టాను. బయటికొచ్చాక ఆ చొక్కానే "మీ పాపకి" అని మీ సంచిలో పెట్టింది.

రెండోసారి వెడల్పు చేశాక ఐదు నెలలకే సిర మళ్లీ ఇరుకైంది. మూడోసారి, ఈసారి ముడుచుకోకుండా అని లోపల సన్నటి ఇనప జాలీ గొట్టం పెట్టారు. పదకొండో రోజున మెడా ముఖమూ వాచిపోయాయి. గొట్టంలో రక్తం గడ్డకట్టిందన్నారు. పదిహేడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. ఇప్పుడు రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటోంది. మంచం కోడు తగిలినా నల్లగా కములుతుంది. జబ్బు మాత్రం దాని నడక అది నడుస్తూనే ఉంది. కుడిచెయ్యి చెంచా కూడా పట్టదు.

ఇదంతా అయ్యాక సిగ్గు విడిచి నరాల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. కోప్పడలేదు. కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. గుండె నుంచి రక్తం తెచ్చే ధమని గోడ మందం, సిర గోడ పలచన. బుడగతో సాగదీస్తే సాగుతుంది, వదిలితే చాలామందిలో నెలల్లోనే మళ్లీ ముడుచుకుంటుంది. ఒక్కోసారి లోపలి పొర గీసుకుపోయి, మానేటప్పుడు మునుపటికన్నా ఇరుకవుతుంది, గడ్డలూ కడతాయి. నిక్కరు నడుముకి వేసే ఎలాస్టిక్కుతో వేగేదాన్ని, నాకు వెంటనే అర్థమైంది. ఇంకో మాట కూడా చెప్పింది. కొందరికి బుడగ నిజంగా ఊది, కొందరికి ఊదినట్టు చేసి పంపి చూశారట. రెండు గుంపులకీ తేడా కనబడలేదట. మరి బాగుందన్నవాళ్లు అబద్ధమాడారా అని అడిగాను. "లేదమ్మా, వాళ్లకి నిజంగానే బాగున్నట్టు అనిపించింది" అంది.

మా ఆడపడుచు మాత్రం నాలుగోసారికి తయారుగా ఉంది. "మొదటిసారి పనిచేసింది కదా వదినా, నీ కళ్లతో చూశావు కదా" అంటుంది. సోమవారమే మీ ఉత్తరం చదివి వినిపిస్తే, "ధైర్యంగా వెళ్లమని రాయి" అంది. అలా రాయడానికే మూడు రోజులు కూర్చున్నాను. చెయ్యి రాలేదు.

చెల్లెమ్మా, ఇరవయ్యో తేదీ ఆపుకోండి. మీ నరాల డాక్టరు ఇచ్చే మందు ఒక్కరోజు కూడా మానకండి. వెళ్లొద్దనడానికి నేనెవరినని కోపం వస్తే రానివ్వండి. ఆ కోపం నేను భరిస్తాను.

మీ ఇంటిని దేవుడు కనిపెట్టుకుని ఉండాలని రోజూ అడుగుతూ,

మీ అక్కయ్య

తా.క. కవరు అంటించబోతే, మీ ఆయన అడిగినదానికి జవాబే రాయలేదని గుర్తొచ్చింది. గుర్తుండే రాయలేదు.

ఆ ఏడు నెలలూ ఆమె రోజుకి నాలుగైదు కాజాలు కుట్టేది. ఒక్కటీ కుదిరింది లేదు. మొదటి రోజే దారం చీలిక దాటి గుడ్డ మీదికి పాకింది. అలసిపోతే ఆమె చూపు మసకవుతుంది, కునుకు తీస్తే తేరుకుంటుంది. ఆమె పడుకున్నప్పుడు అవి విప్పేసి నేను మళ్లీ కుట్టాను. ఒక్కపూట సంతోషపడుతుందిలే అనుకున్నాను. లేచి చూసుకుని ఏడ్చింది, దేవుడికి దణ్ణం పెట్టింది. ఆ ముఖం చూశాక మర్నాడు మానలేకపోయాను. ఆ తర్వాత ఏ రోజూ మానలేకపోయాను. మందు మానేసినా, రెండోసారికి వెళ్లినా, మూడోసారికి వెళ్లినా, ఆమె నమ్మింది నా కుట్టునే. మీ బీరువాలో ఉన్న చొక్కాకి ఏడు కాజాలూ నావే.

ఇంతవరకూ రాసి ఆమెకి చదివి వినిపించాను. నంగనాచి అని తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. "ఏడు నెలలు రోజూ దణ్ణం పెట్టుకున్నాను వదినా. అవన్నీ ఎవరికి చేరాయి?" అంది. తర్వాత, "నీ మాట వాళ్లు నమ్మరు. ఆయన్ని చొక్కా తిప్పి చూడమని రాయి" అంది.

అందుకని రాస్తున్నాను. చొక్కాని లోపలివైపుకి తిప్పి, వెలుతురుకి ఎదురుగా పట్టుకుని, గడియారాలు చూసే అద్దం కంటికి పెట్టుకోమనండి. నా దారం పక్కన గుడ్డలో పాత సూది కన్నాలు కనబడతాయి. ఒకటి ఇటు, ఒకటి అటు, వరస లేకుండా. ఆమె కుట్టినవి అవి.